ఝాన్సీ మ్యాచింగ్ సెంటర్‌లో దొరకని పార్టు

ఝాన్సీ చేతిలో ఉప్మా మాడడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆ రోజు మాడింది. రవ్వ పోసి, మూత పెట్టి, క్షణంలో దింపేద్దాం కదా అనుకుని ఆవిడ వేరే పనిలో పడింది. ఆ పని కూడా వంటగట్టు మీదే ఉంది. స్టీలు పళ్ళెంలో బొటనవేలంత పిస్టను, అది ఇమిడే చిన్న లోహపు గొట్టం, పక్కన లైనింగు గుడ్డలో చుట్టిన బత్తాయిపండంత ఇంజను. ఆ గొట్టాన్ని స్లీవు అంటారట. దాన్ని ఇంజనులోకి దించాలి. నిన్న సాయంత్రం కొరియర్ వచ్చినప్పటి నుంచి దించుతూనే ఉంది. సగం దాకా బుద్ధిగా దిగుతుంది, అక్కడ మొండికేస్తుంది. వెంట్రుకవాసి లావు.

"ఏటే ఆ మాడు వాసన?" అంటూ నోట్లో బ్రష్షుతోనే పెరట్లోంచి వచ్చాడు గోవింద్.

ఝాన్సీ చప్పున పళ్ళెం మీద చాట బోర్లించింది. "ఏటీ నేదు బావా. కరేపాకు కొంచెం ఎక్కువ ఏగిపోనాది."

"కరేపాకా? అడుగంటి బొగ్గయిపోతన్నాది, సూడు!" అని తనే స్టవ్వు ఆపాడు. చాట వైపు చూశాడు. ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడంలో గోవింద్‌ని మించినవాడు నెల్లిమర్లలో లేడు. కరెంటాఫీసులో ఎంత గొడవ జరిగినా ఆయన టేబుల్ దాకా రాదు. ఇంట్లో జరిగినా అంతే.

ఆ ఇంజను సింధు బండిది. సింధు గోవింద్ మొదటి భార్య కన్యాకుమారి కూతురు, ఈ ఏడే పదో తరగతి పాసయింది. బండంటే రిమోట్‌తో నడిచే ట్రక్కు. బ్యాటరీ బొమ్మ కాదు, నిజం ఇంజనున్న నైట్రో ట్రక్కు. మిథనాల్‌లో నైట్రో కలిపిన ప్రత్యేకమైన ఇంధనం పోసి, తాడు లాగి స్టార్టు చేస్తే నీలం పొగ వదులుతూ ఊరు లేపేస్తుంది. కన్యాకుమారి విజయనగరంలో పాలిటెక్నిక్ పిల్లలకు వర్క్‌షాపు పాఠాలు చెప్పేది. విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తుంటే ముచ్చటపడి కొనుక్కొచ్చింది. ఆదివారం వస్తే తల్లీ కూతుళ్ళు చంపావతి నది ఒడ్డుకు పోయి దాన్ని పరిగెత్తించేవారు. "మనింట్లో మందు తాగేది ఇదొక్కర్తే" అని గోవింద్ వేళాకోళమాడేవాడు. తర్వాత ఓ వానాకాలం కన్యాకుమారికి జ్వరమొచ్చింది. ఆస్పత్రికి నడిచే వెళ్ళింది, నడిచి తిరిగి రాలేదు.

ఝాన్సీ ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు కాలేదు. పెళ్ళికి ముందు నుంచీ మెయిన్ రోడ్డులో ఆవిడకు ఓ చిన్న కొట్టుంది. ఝాన్సీ మ్యాచింగ్ సెంటర్. బ్లౌజు పీసులు, ఫాల్సు, లైనింగులు. చీర తెచ్చి బల్ల మీద పరిస్తే చాలు, గుమ్మం బయటికి పట్టుకెళ్ళి వెలుగులో ఒక్కసారి చూసి, వందల ముక్కల్లోంచి సరైనది లాగేస్తుంది. ఫోన్లో ఫొటో చూపించి ముక్క ఇమ్మంటే మాత్రం ఒప్పుకోదు. "ఫొటోలో రంగు అబద్ధమాడతాది తల్లీ. చీర పట్టుకుని రా" అని ఎంతటి వాళ్ళనైనా వెనక్కి పంపేస్తుంది.

ఇంత నేర్పరి కిందటి దసరాకి ఓ ఘనకార్యం చేసింది. ఆయుధపూజ నాడు ఇంట్లో ఉన్న స్కూటరు, మోటారు, కుట్టు మిషను, గ్రైండరు అన్నీ కడిగింది. బీరువా మీద పెట్టెలో బురద కొట్టుకుపోయి ఉన్న ట్రక్కు కనబడింది. అయ్యో, దీన్ని మాత్రం ఎందుకొదిలేయాలి, పిల్ల సంతోషిస్తుంది కదా అనుకుంది. షాంపూ నీళ్ళు పోసి, టూత్ బ్రష్షుతో చక్రాల సందులు కూడా తోమి తళతళలాడించింది. పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. అమ్మమ్మగారి ఊరు పొందూరు నుంచి మర్నాడు తిరిగొచ్చిన సింధు ఆ దండ వేసిన బండిని చూసింది. దండ తీసి, బండిని పెట్టెలో పెట్టేసి, తలుపేసుకుంది.

ఆ తర్వాత గోవింద్ తాడు లాగి చూస్తే ఇంజను కదల్లేదు. పట్టేసింది. లోపలికి నీళ్ళు పోయి తుప్పు పట్టిందన్నారు. అప్పటి నుంచి సింధు ఝాన్సీతో మర్యాదగానే ఉంది. "అన్నం పెట్టమంటారా?" "కొట్టు తాళాలు ఇక్కడున్నాయండి." అంతే. పరాయింటి పిల్ల పేయింగ్ గెస్టుగా ఉన్నట్టుంది. ఆ అండీ విన్నప్పుడల్లా ఝాన్సీ అనుకునేది, తిడితే బాగుణ్ణు, తిట్టదు. ఇప్పుడు ఇంటరు చదువు పొందూరులో అమ్మమ్మ దగ్గరుండి చదువుతానంటోంది. వెళ్తే ఇంక రాదని ఝాన్సీకి తెలుసు. పిల్లలు లేని ఇంట్లోకి కాదు, పిల్ల ఉన్న ఇంట్లోకనే ఇష్టపడి వచ్చింది ఆవిడ.

అందుకే ఈ పార్టుల వేట. బైకు మెకానిక్కుని బతిమాలి ఇంజను విప్పించింది. ఆ ట్రక్కు చేసిన కంపెనీ ఎప్పుడో ఆపేసిందట. ఆన్‌లైన్‌లో దొరికేవన్నీ ఇలాంటివే తప్ప ఇవి కావు. ఒకటి తెప్పిస్తే స్లీవు దిగినా దాని గోడలో కిటికీల్లాంటి చీలికలు ఇంజను కన్నాలకు ఎదురు రాలేదు. ఇంకోటి అసలు దూరలేదు. ఇది సగం దూరింది.

మాడిన ఉప్మా పైపైన తీసి పళ్ళేల్లో పెడుతుంటే గేటు చప్పుడయింది. లక్ష్మణమ్మ. సింధు అమ్మమ్మ. భుజాన సంచీ, చేతిలో పనస తొనల డబ్బా.

"ఓలమ్మ, ఏటే ఈ వాసన? ఇల్లు తగలెట్టేస్తన్నారేటి?"

"రండి పెద్దమ్మా, కూకోండి. మంచినీళ్ళు తెస్తాను."

లక్ష్మణమ్మ కుర్చీలో చతికిలబడి చెంగుతో మొహం తుడుచుకుంది. మనిషి గొంతు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు. ఝాన్సీని మొదటిసారి చూసినప్పుడు, కూతురి నగలు తనే తెచ్చి చేతిలో పెట్టిన మనిషి. "బాబూ గోవిందూ, మరి కాలేజీల్లో సేరికలు మొదలైపోనాయి. మన సింధు గుంట ఏటో ఒకటి తేల్సాలి కదా. రేపెల్లుండి నాతోటి తీసుకెల్లిపోతాను. ఝాన్సీ, నువ్వేటీ అనుకోకు. దాని మనసు ఇక్కడ నిలబడ్డం నేదు. నేనేటి సెయ్యను?"

ఝాన్సీ తలూపింది. గోవింద్ పనస తొన ఒకటి నోట్లో వేసుకుని గోడ క్యాలెండరు చూడసాగాడు.

లోపలి గది నుంచి ఏదో కింద పడ్డ చప్పుడు. వెంటనే సింధు కేక. "నాన్నా! నా బండిలో ఇంజనేదీ?"

పెట్టె రెండు చేతులతో పట్టుకుని హాల్లోకి వచ్చింది. బట్టలతోపాటు దాన్నీ సర్దుదామని దించినట్టుంది. బండి ఉంది. ఇంజను ఉండాల్సిన చోట కన్నం ఉంది.

"ఎవరు తీసినారు? ఎవరికిచ్చేసినారు?"

"ఎవరికీ ఇయ్యనేదమ్మా. నేనే తీసాను" అంది ఝాన్సీ. వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెం తెచ్చి, టీపాయ్ మీద పెట్టింది. పప్పుల డబ్బా కూడా తెచ్చింది. అందులో మిగతా స్లీవులు, పిస్టన్లు. "బాగు సేయిద్దామని. నువ్వెల్లేలోగా తిరిగి తగిలించేద్దామనుకున్నాను. ఒక్కటీ కుదర్నేదు."

సింధు వాటిని చూసింది. ఒక స్లీవు తీసి కంటి దగ్గర పెట్టుకుంది. "ఇవెలా తెప్పించినారు?"

"ఫొటో సూసి. అచ్చం ఇలగే ఉంటేనూ."

"మీ కొట్లో ఫొటో సూపిస్తే బ్లౌజు పీసు ఇస్తారేటి?"

గోవింద్‌కి నవ్వొచ్చింది గానీ మింగేశాడు. ఝాన్సీ మొహం ఎర్రబడింది. నిజమే కదా, అనుకుంది. ఊరందరికీ చెప్పే మాట తనకెందుకు తోచలేదో తెలియలేదు.

"తప్పే. నాకు ఈటి గురించి ఏటి తెలుసు? కానీ నీళ్ళు పోసి పాడుసేసింది నేను. నేనే బాగుసెయ్యాలి. అది మళ్ళీ నడిస్తే..." అక్కడ ఆగిపోయింది. "నడిస్తే నువ్వుంటావేమోనని."

"మీరు పాడుసేసింది ఇంజననుకుంటన్నారా?" సింధు గొంతు పెద్దదైంది. ఇన్నాళ్ళలో ఆ ఇంట్లో ఆ పిల్ల అరవడం ఇదే మొదలు. "ఇంజను అంతకుముందే పట్టేసింది. ఆడించాక ట్యాంకులో ఇంధనం వంచేయాలి, ఆయిలు వెయ్యాలి. ఆ రోజు ఎవరం వెయ్యలేదు. నాకు తెలుసు. నాకు ఇంజనొద్దు!"

"మరేటే?" అంది ఝాన్సీ.

"బురద! ఆ బురద అమ్మతో ఆఖరిసారి నదికెళ్ళినప్పటిది. వాన పడితే బండి దిగబడిపోయింది. అమ్మే పైకి తీసింది. ముందు బంపరు మీద అమ్మ బొటనేలి ముద్ర ఉండేది. ఎండిపోయి, అలాగే ఉండేది. నేను రోజూ పెట్టె తీసి సూసుకునేదాన్ని. మీరు టూత్ బ్రష్షెట్టి తోమేసినారు!"

ఝాన్సీ ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. ఆ బురద ఎంత గట్టిగా అంటుకుని ఉందో, ఎంత ఓపిగ్గా గీకిందో ఆవిడ చేతులకు ఇంకా జ్ఞాపకం ఉంది. తెల్లగా వచ్చిందని మురిసిపోయింది కూడా. ఇప్పుడా చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తను ఊళ్ళూ దేశాలూ వెతికి తెప్పిస్తున్నది పోయిన వస్తువు కానే కాదు. పోయినదాన్ని ఎవరూ తయారు చెయ్యరు.

"నాకు తెలీదే తల్లీ" అంది చివరికి. "ఒట్టి మట్టనుకున్నాను. ఎవరేనా సెప్తే సేసుంటానా?"

గోవింద్ క్యాలెండరు నుంచి ఇటు తిరిగాడు. ఆ రోజు ఆయనా నది దగ్గరే ఉన్నాడు, గొడుగు పట్టుకుని. దసరా నాడు ఝాన్సీ బక్కెట్టులో నీళ్ళు కలుపుతుంటే, "కడుగు కడుగు, ఎన్నాళ్ళ బురదో" అన్నది కూడా ఆయనే. ఆ మాట ఇప్పుడు బయట పెట్టాడు. "ఝాన్సీ అడిగింది. కడగమన్నది నేను. నాకు గుర్తు రానేదు సింధూ" అని చేత్తో కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఏడవడం కన్యాకుమారి పోయినప్పుడు కూడా ఎవరూ చూడలేదు. సింధు తండ్రిని చూసి బిక్కచచ్చిపోయింది.

అప్పుడు లక్ష్మణమ్మ నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆవిడ నవ్వుతూనే ఉంది.

"ఒసే గుంటా, మీ యమ్మే ఉంటే ఆ బురద బండి ఇంట్లో పెట్టనిచ్చేదేటే? సిన్నప్పుడు సైకిలు తొక్కి ఇంటికొస్తే, ముందు బండి కడిగి ఆ తరవాత కాళ్ళు కడుక్కునేది. ఇనప సామాను మురికిగా ఒగ్గేస్తే దానికి పేణం పోయినట్టుండేది. మూడేళ్ళు బురదతో బీరువా మీద ఎట్టినావని తెలిస్తే నీ ఈపు ఇమానం మోత మోగించేసును!"

సింధు నోట్లోంచి ఏడుపా నవ్వా తెలియని శబ్దం ఒకటి వచ్చింది. తల్లి గొంతు నిజంగానే వినబడినట్టుంది ఆ పిల్లకు. సింధూ, ఇంధనం వంచావా? ఆయిలు వేశావా? గుడ్డ పెట్టి తుడిచావా? ప్రతి ఆదివారం అవే మూడు ప్రశ్నలు. ముద్ర ఒక్కటే దాచుకుంది గానీ, ఆ మాటలు మరిచేపోయింది. అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఝాన్సీ దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళాలని ఉన్నా. మాడిన ఉప్మా పళ్ళేలు తీసేసి, అందరికీ మళ్ళీ రవ్వ వేయించింది.

ఉప్మా తినేటప్పుడు సింధు పళ్ళెంలోని ఇంజనును వేలితో తిప్పుతూ అంది. "దీన్ని విప్పినాయన బాగానే విప్పాడు. ఇంజను డొప్ప బాగానే ఉన్నాది. పిస్టను, స్లీవు, పిస్టనుకుండే రాడ్డు మారిస్తే నడుస్తాది."

"మరి రేపు విశాకపట్నం ఎల్దామా?" అంది ఝాన్సీ. "జగన్నాధం గారని ఒకాయన దగ్గర ఇలాంటి పార్టులు దొరుకుతాయంట. ఈసారి ఫొటో వద్దు. చీరే పట్టుకెల్దాం."

సింధు ఇంజనును మళ్ళీ లైనింగు గుడ్డలో చుట్టింది. ఒప్పుకున్నట్టే.

మర్నాడు రైల్లో ఇద్దరూ కిటికీ పక్కనే కూర్చున్నారు. కోరుకొండ దాటాక ఝాన్సీయే అడిగింది, ఆ బురదలో ఎలా దిగబడిందని. సింధు చెప్పడం మొదలుపెట్టింది. వాన గురించి, తల్లి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగడం గురించి, చెప్పు ఒకటి కొట్టుకుపోవడం గురించి. చెప్పు సంగతి దగ్గర ఇద్దరికీ నవ్వొచ్చింది. ఝాన్సీ ఆ కథ ఇంతకుముందు వినలేదు. తనకు చెప్పినవాళ్ళు లేరు, అడిగే ధైర్యం తనకూ లేకపోయింది. ఊరు వచ్చేదాకా ఇంకా ఇంకా అడుగుతూనే ఉంది.

జగన్నాధం కొట్టు ఓ మేడ మీద ఇరుకు గది. ఆయన ఇంజనును చూసి పెదవి విరిచాడు. "ఇది సేసిన కంపెనీ ఇప్పుడు నేదమ్మా. ఒరిజినల్ దొరకదు."

"ఒరిజినల్ అక్కర్లేదండి. సరిపోతే చాలు" అంది సింధు.

ఝాన్సీ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నట్టు అటు తిరిగిపోయింది. కాసేపటి దాకా ఇటు తిరగలేదు.

ఆయన సొరుగులోంచి ఒకేలా ఉన్న స్లీవులు, వాటి పిస్టన్లతో సహా, బల్ల మీద పేర్చాడు. సింధు సంచీలోంచి తల్లి వెర్నియర్ కొలబద్ద తీసి పాత స్లీవు కొలిచింది. లావు సరిపోయినవి మూడు మిగిలాయి. ఝాన్సీ వాటిని అరచేతిలో వేసుకుని అలవాటు కొద్దీ గుమ్మం బయటికి వెలుగులోకి పట్టుకెళ్ళింది. పాతదాన్ని పక్కన పెట్టి, చీర అంచు చూసినట్టు ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసింది. "సింధూ, దీని కిటికీ కొంచెం కిందికి ఉన్నాది. ఇది వద్దు. ఇదీ కాదు. ఇది సూడు."

సింధు కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఇంజనులోకి దించింది. స్లీవు ఎక్కడా ఆగకుండా అడుగు దాకా జారింది. ఇద్దరూ ఒకేసారి కేక వేశారు. జగన్నాధం ఉలిక్కిపడి, రాడ్డు మాత్రం వేరే కంపెనీది వెయ్యాల్సి వస్తుందని గొణిగాడు. అదీ కుదిరింది.

ఆ మర్నాడు సాయంత్రం అందరూ చంపావతి ఒడ్డుకు వెళ్ళారు. లక్ష్మణమ్మ కూడా వచ్చింది, సింధు బట్టల సంచీ చంకన పెట్టుకుని. అటు నుంచి అటే స్టేషనుకు పోదామని ఆవిడ లెక్క. గోవింద్ గట్టు మీద నిలబడ్డాడు. సింధు ట్యాంకు నింపింది. ప్లగ్గు వేడెక్కించే హీటరు తగిలించి తాడు లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. ఝాన్సీ ఉన్న దేవుళ్ళందరినీ పిలిచింది. ఇంకోసారి లాగేసరికి ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. బండి కదిలింది. పదడుగులు పోయి, ఆగి, మెల్లగా తిరిగొచ్చింది. మళ్ళీ పదడుగులు. ఊరు లేపేస్తుందన్న బండి ఊరికే గురగురమంటూ పాకుతోంది. ఝాన్సీ మొహం వాడిపోయింది.

"ఏటమ్మా, పరిగెట్టడం నేదు? మళ్ళీ తప్పు పార్టు తెచ్చేసినామా?"

"కాదు పిన్నీ. పార్టు సరైనదే." సింధు బండి ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను వేడి చెయ్యి అడ్డం పెట్టి చూసింది. "పాత ఇంజనులో కొత్త పిస్టను కదా. ఒకదానికొకటి తెలీదింకా. ఇప్పుడే తొందరపెడితే రెండూ గీసుకుపోతాయి. కొంచెం నడిపి, సల్లారనిచ్చి, మళ్ళీ కొంచెం నడపాలి. అలా అలవాటు పడతాయి."

"ఎన్నాళ్ళు పడతాది?"

"పట్టనీ, తొందరేటున్నాది? విజయనగరం కాలేజీ నుంచి రోజూ సాయంత్రం రైలుకి వచ్చేస్తాను కదా. వచ్చాక నువ్వు కొట్టు కట్టేసి రా. రోజుకో ట్యాంకు తిప్పుదాం."

ఝాన్సీకి వెంటనే అర్థం కాలేదు. లక్ష్మణమ్మకు అర్థమైంది.

"ఒసే, మరి నాసేత ఈ బట్టలన్నీ ఎందుకు మోయించినావే?" అని ఆవిడ సంచీ తెచ్చి ఝాన్సీ ఒళ్ళో పడేసింది.